నలుపులో మెట్లు

కోడుమూరు సినిమా హాల్లో మ్యాట్నీ ఆట నడుస్తుండగా ఆపరేటర్ ఉరుకుందు మిషన్ ఆపేసి, కేబిన్ దిగి, జనం మధ్యకొచ్చి నిలబడిన రోజు గిడ్డమ్మకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. అప్పటికి ఆమెకు నలభై దాటాయి. అతనికి ముప్పై అయిదో ముప్పై ఆరో.

ఆరోజు బొమ్మ మొదటినుంచీ మసకగానే ఉంది. వెనక బెంచీల వాళ్ళు ఆపరేటర్‌ను నోటికొచ్చినట్టు తిడుతున్నారు. హాలు సావుకారు గేటు దగ్గర నుంచి ఊగిపోతూ వచ్చి, ప్రింటు పాతదైతే ఎవరేం చేస్తారు, పోయి మిషన్ వెయ్యి అని గద్దించాడు. ఉరుకుందు కదల్లేదు. ప్రింటు నిక్షేపంగా ఉందనీ, మిషన్లో వెలుగిచ్చే కార్బన్ కడ్డీలు మొండి అయ్యేదాకా సన్నమంట మీద కాల్చమన్నది సావుకారేననీ అంతమందిలో చెప్పేశాడు. ఉరుకుందు అతన్ని చెయ్యి పట్టి తీసుకుపోయి ఆడవాళ్ళ బెంచీల ముందు కూర్చోబెట్టి, పైకెక్కి, అదే సన్నమంట మీద బొమ్మ మళ్ళీ వేశాడు. తెర మీద హీరోయిన్ నిలబడి ఉంది. కేబిన్ కిటికీలోంచి తల బయటపెట్టి అడిగాడు.

"సావుకారీ, ఆయమ్మ కట్టుకున్న చీర ఏం రంగు?"

"నలుపు. నాకు కండ్లు లేవా?"

"ఉండు, ఇప్పుడు చూడు."

కొత్త కడ్డీలు బిగించి మంట పెంచాడు. చీర ముదురాకు పచ్చ. అంచున సన్నటి పిందెలు కూడా కనిపించాయి. హాలంతా ఈలలు. సావుకారు తువ్వాలు దులుపుకుని లేచిపోయాడు. మర్నాటి నుంచి కొత్త కడ్డీలు వచ్చాయి.

గిడ్డమ్మ మాత్రం నోరెళ్ళబెట్టలేదు. అది నలుపు కాదని పక్కనున్న మరదలికి ఆమె ముందే చెప్పింది. నూలుకు రంగులద్దే ఇంట్లో పుట్టి, మగ్గం గుంటలో పెరిగిన మనిషి ఆమె. రెండో తరగతితో బడి వదిలేసింది గానీ, నలుపుకూ నలుపు మాదిరి కనిపించేదానికీ తేడా చెప్పమంటే చదువుకున్న వాళ్ళను పదిమందిని నిలబెట్టి చెప్పగలదు. ఆ తేడా ఒక మగవాడికి కూడా తెలుసని ఆరోజు చూసింది. అందుకని అతనంటే ఆమెకు కొంచెం గౌరవం. ఆమె గౌరవించే మనుషులు ఊళ్ళో ఎక్కువమంది లేరు.

ఉరుకుందు పదహారేళ్ళప్పుడు రీళ్ళ పెట్టెలు మోసే పనికి కుదిరాడు. ఆదోని నుంచి బస్సు టాపు మీద పెట్టెలతో పాటు కూర్చుని వచ్చేవాడు. పెట్టెలు మోస్తూ మోస్తూ కేబిన్లోకి, మిషన్ తుడుస్తూ తుడుస్తూ దాని ముందుకు చేరాడు. ముప్పై ఏళ్ళు ఆ వేడిలో నిలబడ్డాడు. హాలు మూతపడి కల్యాణ మంటపం అయినప్పుడు తెర విప్పి మడత పెట్టింది కూడా అతనే. తర్వాత పెళ్ళిళ్ళకు దీపాల తోరణాలు కట్టాడు. ఫొటో స్టూడియోలో కొన్నాళ్ళు పనిచేశాడు. అదీ మూతపడింది. అతని చేతిలో ఒక పాత డిజిటల్ కెమెరా, దాని కాళ్ళ స్టాండు మిగిలాయి. నేతగాళ్ళ సంఘానికి ఏదో పథకం కింద ప్రొజెక్టర్ వస్తే దాన్ని ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేక అధ్యక్షుడు దేవేంద్రప్ప ఇతన్ని పిలిపించాడు. అప్పటినుంచీ సంఘంలో తెర కట్టాలన్నా బొమ్మ వెయ్యాలన్నా ఉరుకుందే.

ఇప్పటి రోజుల్లో చీర మగ్గం ఎక్కకముందే అమ్ముడుపోవాలి. కొత్త డిజైను నేసి చూపిద్దామంటే పడుగు సిద్ధం చేయడానికే వారం పది రోజులు. అందుకని సంఘంలో తనూజ అనే పిల్ల కంప్యూటర్లో డిజైన్లు గీస్తుంది, కర్నూలులో మీటింగు పెట్టి బయ్యర్లకు తెర మీద చూపిస్తారు, వాళ్ళు ఏది బాగుందంటే అదే నేస్తారు. ఈ ఏప్రిల్‌లో పెట్టే మీటింగుకు గిడ్డమ్మ డిజైను కూడా ఒకటి గీయించారు. నేరేడుపండు రంగు నేల మీద నల్ల గళ్ళు. ఆమె తల్లి నేసిన గళ్ళవి. దూరంనుంచి ఒకే రంగులా ఉండి, కట్టుకున్న మనిషి నాలుగడుగులు వేస్తే గళ్ళు పైకి తేలతాయి. గిడ్డమ్మ ముప్పై ఏళ్ళుగా ఆ చీర మళ్ళీ నేయాలంటోంది. ఇప్పుడు మోకాళ్ళు వంగడం లేదు. నేసేవాళ్ళకు చెప్పి చేయించడానికి ఇంకెన్నాళ్ళుంటుందో ఆమెకే తెలియదు.

మీటింగుకు వారం ముందు సంఘం హాల్లో అన్నీ ఒకసారి వేసి చూశారు. గిడ్డమ్మ గళ్ళు వచ్చేసరికి తెర మీద ఒక నల్లటి పలక నిలబడింది. గళ్ళు లేవు, నేరేడు రంగు లేదు.

"ఇదేందవ్వా, బొగ్గుల గోనె మాదిరి ఉండాది," అన్నాడు దేవేంద్రప్ప.

గిడ్డమ్మ ఉరుకుందు వైపు తిరిగింది. అతను తెర వైపు చూసి, బాగానే ఉండాదే అన్నాడు.

దేవేంద్రప్ప మాట కంటే ఆ మాటే ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది. గురువారానికి గళ్ళు కనిపిస్తే సరి, లేకపోతే ఆ డిజైను తీసేస్తామని చెప్పి దేవేంద్రప్ప వెళ్ళిపోయాడు. తనూజ కూడా వెళ్ళాక గిడ్డమ్మ తన సంచిలోంచి రెండు నూలు చిలపలు, చిన్న దారపు కట్టలు, తీసింది. ఒకటి నలుపు, ఒకటి నేరేడు. రెండూ అతని ముందు పట్టుకుంది.

"ఏమప్పా ఉరుకుందూ, ఈ రెండిట్ల నల్లది ఏది?"

అతను రెండూ చేతిలోకి తీసుకున్నాడు. ఎండ తగిలే చోటికి నడిచాడు. ముఖానికి దగ్గరగా పెట్టుకున్నాడు. నల్లరంగుకు ఇనుప తుక్కు నానేసిన నీళ్ళు కలుపుతారు, ఆ వాసన నూలును ఎన్నిసార్లు ఉతికినా పోదు. ఎడమచేతిది పైకెత్తి, ఇది అన్నాడు. అది నల్లదే.

"నేను కంటితో చూడమంటే నువ్వు ముక్కుతో చూస్తివే," అంది గిడ్డమ్మ.

ఉరుకుందు చిలపలు ఆమె చేతిలో పెట్టి గోడవారన కూర్చున్నాడు. అప్పుడు చెప్పాడు. రెండేళ్ళ నుంచి నీటికాసులు. కర్నూలు డాక్టరు కంటి నరం ఎండిపోతోందన్నాడు, చుక్కల మందు వేసుకుంటే ఉన్నది నిలబడుతుంది గానీ పోయింది రాదన్నాడు. తెల్లవి కనిపిస్తాయి, మనుషులు కనిపిస్తారు. చీకటి రంగులన్నీ ఒకే ముద్ద. ప్రొజెక్టర్‌ను తనే కంటితో సరిచేశాడు గనక నలుపుల్లో ఏం తప్పు చేశాడో తనకే తెలియదు.

"ఎవరికీ చెప్పొద్దక్కా. నా కన్ను బాగుంటాదనే గదా నన్ను పిలిచేది. అది పోయిందంటే నన్ను ఎవరు పిలుస్తారు? ఇంట్లో కూర్చోని నేనేం చెయ్యల్ల?"

తను ఎవరికి ఎందుకు చెప్తుందనీ, తనకు వేరే పనేం లేదా అనీ గిడ్డమ్మ విసుక్కుంది. అది ఆమె మాట ఇచ్చే పద్ధతి. తర్వాత, మరి నా గళ్ళ సంగతేమిటని అడిగింది. కన్ను లేకపోతే కెమెరా ఉంది గదా అన్నాడు ఉరుకుందు.

మర్నాడు మొదలుపెట్టారు. కటిక నలుపు నుంచి తెలుపు దాకా పదహారు మెట్లుగా బూడిద రంగు పట్టీలను తనూజ చేత కంప్యూటర్లో గీయించాడు. ఒక్కో పట్టీని తెర నిండా వేసి కెమెరాతో ఫొటో తియ్యాలి. ఆ ఫొటో ఎంత వెలుగుందో కంప్యూటర్ ఒక నంబరు చెబుతుంది. దాన్నిబట్టి ప్రొజెక్టర్ ఏ మెట్టు దగ్గర ఎంత వెలుగు ఇస్తోందో తెలిసిపోతుంది. వినడానికి సుళువుగానే ఉంది. కానీ మొదటి పూట తీసిన పదహారు ఫొటోలూ ఒకే రంగులో వచ్చాయి. కెమెరా ఆటో మీద ఉండిపోయింది. చీకటి పట్టీ వేస్తే అదే తన కన్ను ఎక్కువసేపు తెరిచింది, వెలుగు పట్టీ వేస్తే తక్కువసేపు తెరిచింది. ఎవరింటికి పోతే వాళ్ళ మాటకు తలూపే చుట్టంలా ఉంది ఇది అని గిడ్డమ్మ తిట్టింది. కెమెరాలో తనంతట తాను మారేవన్నీ ఒకచోట బిగించేసి మళ్ళీ తీశారు. ఈసారి మెట్లు మెట్లుగానే వచ్చాయి. కానీ ఉరుకుందు ముఖం విచ్చుకోలేదు.

ఒక పట్టీకి నలభై, ఇంకోదానికి ఎనభై వస్తే రెండోది రెండింతల వెలుగనే గదా అని తనూజ అడిగింది. కాదన్నాడు. మన కంటికి ఇంపుగా ఉండేటట్టు కెమెరా కూడా లోపల ఏదో దిద్ది ఇస్తుందట. ప్రొజెక్టర్ వంకర పట్టుకోవాలంటే ముందు కెమెరా వంకర తెలియాలి. దాన్ని కొలవడానికి పెద్ద పెద్ద మిషన్లు ఉంటాయి, మన దగ్గర లేవు. ఎండకు రేకుల కప్పు టపటపలాడుతోంది. ముగ్గురూ నీళ్ళు తాగి కూర్చున్నారు.

గిడ్డమ్మే మాట మొదలుపెట్టింది. ఆమె తల్లి రంగు తొట్టి బలం ఎట్లా చూసేదో చెప్పింది. పోయినసారి రంగు కొంచెం ఒక తెల్ల పింగాణీ గిన్నెలో ఉంచుకునేది. కొత్త తొట్టిలోంచి ఒక గరిటెడు రంగు ఇంకో గిన్నెలో పోసి, చిన్న గిద్దెతో నీళ్ళు కలుపుతూ పోయేది. రెండు గిన్నెలూ ఒకే రంగుకు వచ్చాక ఆపి, ఎన్ని గిద్దెలు పట్టాయో లెక్క చూసేది. ఎన్ని ఎక్కువ పడితే తొట్టి అంత బలం.

"ఊరికే చూసి చెప్పొచ్చు గదవ్వా, ఇది గట్టిగుంది, అది పల్చగుంది అని," అంది తనూజ.

"చెప్పలేవు పాపా. రెండూ ఒగటేనా కాదా అంటే కన్ను నిజం చెప్తాది. ఎంత ఎక్కువ అంటే మాత్రం అబద్ధమాడ్తాది. అందుకే ఒగటయ్యేదాకా నీళ్ళు పొయ్యల్ల, నీళ్ళు లెక్కబెట్టల్ల."

ఉరుకుందు తల ఎత్తాడు.

"నీళ్ళ బదులు టైము," అన్నాడు.

కెమెరా కన్ను రెండింతల సేపు తెరిస్తే రెండింతల వెలుగు లోపలికి పోతుంది. అందులో ఏ దిద్దుబాటూ లేదు. కాబట్టి ఏ పట్టీ వేసినా ఫొటోలో ఒకే నంబరు, నూరు వచ్చేదాకా టైము మారుస్తూ పోవాలి. ఎంతసేపు తెరిస్తే నూరు వచ్చిందో అదే ఆ మెట్టు లెక్క. ఒకదానికి ఒక సెకను, ఇంకోదానికి రెండు సెకన్లు పడితే రెండోదాంట్లో సగమే వెలుగు ఉన్నట్టు. కెమెరా ఏ వంకర పోయినా, నూరు దగ్గర అది ఎప్పుడూ ఒకే వంకర పోతుంది.

పద్ధతి దొరికింది గానీ పని మాత్రం నడుం విరిచేసింది. ఒక్కో పట్టీకి నాలుగైదు ఫొటోలు తియ్యాలి, కార్డు తీసి కంప్యూటర్లో పెట్టి చూడాలి, మళ్ళీ తియ్యాలి. కిటికీలకు గోనెసంచులు కట్టారు. ఫ్యాను వేస్తే తెర ఊగుతోందని అదీ ఆపేశారు. కరెంటు పోతే ప్రొజెక్టర్ మళ్ళీ వేడెక్కేదాకా కాచుకోవాలి. ఉరుకుందు నంబరు అడుగుతాడు, తనూజ చెబుతుంది, అతను నోటుపుస్తకంలో పెద్ద పెద్ద అంకెలతో రాసుకుంటాడు. పిల్లకు అనుమానం రాకుండా గిడ్డమ్మ తెర పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, అతను మాట్లాడకముందే పట్టీ మారిందనో మారలేదనో చెబుతూ ఉంది. సాయంత్రానికి ఎనిమిది పట్టీలయ్యాయి.

తెర అంటే సంఘంలో నేసిన తెల్ల దుప్పటి. చెయ్యి పెట్టిన మరకలు, దుమ్ము. ఇంత మురికి గుడ్డ మీదనా తన గళ్ళు చూపించేది అనుకుంది గిడ్డమ్మ. ఎవరికీ చెప్పకుండా దాన్ని విప్పి ఇంటికి తీసుకుపోయి, సబ్బుపెట్టి ఉతికి, నీలి వేసి, గంజి పెట్టి, పొద్దున్నే ఎండలో బిర్రుగా లాగి ఆరేసి తెచ్చి కట్టింది. తెల్లగుడ్డ ఇంట్లోకి వస్తే నేతింటి ఆడది చేసే పని అదే.

తొమ్మిదో పట్టీ లెక్క కుదరలేదు. పది కూడా కుదరలేదు. అనుమానం వచ్చి ఉరుకుందు ఎనిమిదో పట్టీ మళ్ళీ వేయించాడు. నిన్న సెకనున్నర పట్టింది, ఇవాళ సెకనుకే నూరు వచ్చేసింది. ప్రొజెక్టర్ చూశాడు, కెమెరా చూశాడు, అద్దం తుడిచాడు. గంటసేపు వెతికాడు. ఆఖరికి తెర దగ్గరికి పోయి చెయ్యి వేస్తే గుడ్డ పెళపెళలాడింది.

"దీన్ని ఉతికినావా అక్కా?"

"ఉతక్కుండా?"

ఉరుకుందు నేల మీద కూర్చుండిపోయాడు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే ఆమెకూ నాలుగు మాటలనే అవకాశం ఉండేది. నిన్న కొలిచిన గుడ్డ వేరు, ఇవాళ్టి గుడ్డ వేరు, రెండు లెక్కలూ కలవవని మెల్లగా చెప్పి, మొదటి పట్టీ వెయ్యమన్నాడు తనూజను. తప్పు చేశానని గిడ్డమ్మ అనలేదు. మధ్యాహ్నం మాత్రం ఇంటికి పోయి ముగ్గురికీ జొన్నరొట్టెలు, వేరుశెనగ పొడి తెచ్చింది. పదహారో పట్టీ అయ్యేదాకా ఆ స్టూలు మీద నుంచి లేవలేదు. మోకాళ్ళు మంటలెత్తాయి.

లెక్కలన్నీ ఒకచోట రాశాక తనూజ చదివి వినిపించింది. పైమెట్లన్నీ ఒకదానికొకటి ఇంచుమించు సమానంగానే ఎక్కుతున్నాయి. కిందివి అయిదింటికీ మాత్రం ఒకే లెక్క, ఎనిమిదేసి సెకన్లు పట్టాయి. అంటే అయిదు మెట్లూ ఒకే గుంటలో పడి ఉన్నాయి. ఆరో మెట్టు దగ్గర ఒక్కసారిగా వెలుగు ఎగిరింది. గిడ్డమ్మ నేరేడు రంగు, దాని మీది నలుపు రెండూ ఆ గుంటలోవే.

తనూజ నీళ్ళకని బయటికి పోయినప్పుడు ఉరుకుందు నవ్వినట్టు అన్నాడు. "నాతో పాటు ఈ మిషన్ కూడా ఆ నలుపుల కాడ గుడ్డిదే, అక్కా."

తర్వాతి పని తనూజది. బొమ్మలో కింది మెట్లు వచ్చినప్పుడు ప్రొజెక్టర్‌కు అంతకంటే కొంచెం పైవి అందేటట్టు, ఒక్కో మెట్టుకూ వెలుగు ఒకే వంతున పెరిగేటట్టు కంప్యూటర్లో పట్టిక రాసింది. ఉరుకుందు నోటుపుస్తకం చూసి ఇది పెంచు, అది తగ్గించు అని చెప్పాడు. మూడుసార్లు మార్చి, మూడుసార్లు కొలిచారు. బుధవారం పొద్దుగూకే వేళకు గళ్ళు వచ్చాయి. కొట్టొచ్చినట్టు రాలేదు. ఎట్లా రావాలో అట్లాగే, నేరేడు నేల మీద నీడ పడ్డట్టు వచ్చాయి. గిడ్డమ్మ దగ్గరికి పోయి గళ్ళు లెక్కపెట్టి చూసుకుంది. గురువారం దేవేంద్రప్ప వచ్చి చూసి, సరే పెట్టండి అన్నాడు.

శుక్రవారం కర్నూలులో లాడ్జి పైహాలు. వెనక గోడకు అద్దాల కిటికీలు. ఆ వెలుగుకు చీకటి మెట్లు మళ్ళీ గుంటలో పడతాయని ఉరుకుందు ముందే అనుకున్నాడు. బయ్యర్లు రాకముందే కింది అయిదు మెట్లూ మళ్ళీ కొలిచి, పట్టిక దిద్దించాడు. తనూజ చీరలు సర్దే పనిలో పైకీ కిందికీ తిరుగుతూ, పిలిచినప్పుడల్లా వచ్చి కార్డు కంప్యూటర్లో పెట్టి పోతోంది. నంబరు నూరుకు వచ్చిందో లేదో, కెమెరాలో సెకన్లు ఎన్నో చదివి చెప్పింది గిడ్డమ్మే. అంకెలు ఆమెకు ఎప్పుడూ బరువు కాలేదు. జీవితమంతా పడుగు పోగులు లెక్కపెట్టింది.

మీటింగులో గిడ్డమ్మ గళ్ళు పద్నాలుగోవి. అప్పటికి సగంమంది ఫోన్లు చూసుకుంటున్నారు. బెంగుళూరు నుంచి వచ్చిన పద్మశ్రీ అనే ఆమె చెయ్యెత్తి, దాన్ని అట్లాగే ఉంచమంది. లేచి తెర దగ్గరికి నడిచింది. గళ్ళున్నాయా, నా కళ్ళకు అట్లా అనిపిస్తోందా అని అడిగింది. ఉన్నాయని గిడ్డమ్మ కూర్చున్నచోటి నుంచే చెప్పింది. పద్మశ్రీ మళ్ళీ వెనక్కి నడిచి, చూసి, రెండు పడుగులకు సరిపడా చీరలు నెయ్యమంది. నచ్చితే ఇంకా చెప్తానంది. అంతే. గిడ్డమ్మ ముప్పై ఏళ్ళు అడిగింది అంతసేపట్లో అయిపోయింది. ఆమెకు సంతోషం కంటే నిద్ర ఎక్కువగా వచ్చింది.

చివర్లో దేవేంద్రప్ప మైకు తీసుకున్నాడు. ఉరుకుందన్న కన్నులాంటి కన్ను ఈ రెండు జిల్లాల్లో లేదన్నాడు. వచ్చే నెల హైదరాబాదులో పదిరోజుల ఎగ్జిబిషన్ ఉందనీ, అక్కడ కొత్త ప్రొజెక్టర్ ఇస్తారనీ, దాన్నంతా ఉరుకుందన్న ఒక్కడే చూసుకుంటాడనీ ప్రకటించాడు. చప్పట్లు కొట్టారు. ఉరుకుందు లేచి చేతులు జోడించాడు. దేవేంద్రప్ప అప్పటికే మైకు పెట్టేసి రెండడుగులు పక్కకు జరిగిపోయాడు. ఉరుకుందు దండం ఖాళీగా ఉన్న చోటికి పడింది. చూసింది గిడ్డమ్మ ఒక్కతే.

అందరూ భోజనాలకు కిందికి పోయారు. ఉరుకుందు వైర్లు చుట్టుకుంటున్నాడు. గిడ్డమ్మ కూడా లేస్తుంటే, ఒక్క నిమిషం కూర్చోమన్నాడు. హైదరాబాదులో ఆమె ఉండదు, తనూజ ఉండదు, అక్కడ ఎవరి చీరనో బొగ్గుల గోనె చేసి, బాగానే ఉండాదని చెప్పి వస్తానన్నాడు. చెప్పేద్దామని పొద్దున్నుంచీ మూడుసార్లు దేవేంద్రప్ప పక్కకు పోయి తిరిగి వచ్చాడట.

"నాకు నోరు రావడం లేదక్కా. నువ్వు చెప్పు."

"చెప్పొద్దంటివి గదా. ఇప్పుడు ఏమని చెప్పల్ల?"

"నల్లవి కనపడవు, తెల్లవి ఇంకా కనపడ్తాయి అని చెప్పు. నోటుపుస్తకం తనూజకిస్తా. కొలిచేది ఆ పిల్లకు నేర్పిస్తా. తెర కడతా, వైర్లు చూసుకుంటా." వైరు చుట్ట కింద పెట్టాడు. "ఈడ అన్నాల కాడ వద్దు. అందరూ అయ్యో అంటారు. బస్సు ఎక్కినాంక దేవేంద్రప్ప పక్కన కూర్చో. పేక మోసే నాడె అరిగిపోయింది, మార్చుకోవల్ల అని మగ్గం కాడ చెప్తావే, అట్ల చెప్పు. నేను ఎనక సీట్లో కూర్చుంటా."